అశ్విని చేసిన డ్యూటీ

ఖాకీ చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆనించగానే చెమట వాసన గుప్పుమంది. వనజాక్షి ఉలిక్కిపడి చేయి వెనక్కి తీసుకుంది. మనిషి పోయి నాలుగేళ్లు. ఏటా పోలీసు అమరవీరుల దినానికి ఆ చొక్కాను ఉతికి, ఇస్త్రీ చేసి, ఫోటో కింద పెట్టేది తనే. అయినా వేడి తగిలితే చాలు, ఇప్పుడే డ్యూటీ దిగి విప్పినట్టు అదే వాసన.

ఆ చొక్కా అశ్వినిది. వనజాక్షి భర్త దివాకర్‌కు మొదటి భార్య. కానిస్టేబులు. ముదిగుబ్బ రోడ్డులో చెక్‌పోస్టు దగ్గర, మిట్టమధ్యాహ్నం, ఆపమన్నా ఆపకుండా దూసుకొచ్చిన లారీ కింద పడి చనిపోయింది. ఏడాది తిరక్కుండానే వనజాక్షి ఆ ఇంటికి కోడలిగా వచ్చింది.

ధర్మవరంలోని ఆ ఇంట్లో పనికి కొలతలన్నీ అశ్వినివే. "ఆయమ్మ నాలుగ్గంటలకే లేసి, అందరికీ వండిపెట్టి, మగ్గానికి దారం కండెలు చుట్టి మరీ డ్యూటీకి పోతాండె. నువ్వు ఇంట్లోనే ఉంటావు గదమ్మే, నీకేం కష్టం?" అనేది అత్త తిరుపాలమ్మ. దివాకర్ మగ్గం మీంచి తలెత్తకుండానే, "అశ్విని ఒక్కనాడు గూడా అలిసినానని అనలేదు" అనేవాడు. మొదట్లో ఆ మాటలు గుచ్చుకునేవి. పోనుపోను గుచ్చుకోవడం మానేశాయి. వనజాక్షికి భయం పట్టుకుంది అప్పుడే. అలారం మోగకుండానే నాలుగింటికి మెలకువ వచ్చేది. చూడకుండా చేయి చాస్తే చింతపండు డబ్బా చేతికి తగిలేది. గడప దాటేటప్పుడు కుడిభుజం ఎగరేయడం పుట్టింట్లో తనకు లేని అలవాటు. "వెనకనుంచి సూస్తే అచ్చం ఆయమ్మే" అని పక్కింటామె నవ్వింది. మొన్న అత్త పరాకున "అశ్వినీ" అని పిలిస్తే, "ఆఁ అత్తా" అని పలికింది తనే. తర్వాత చాలాసేపు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

తెల్లారి అమరవీరుల పరేడుకు దివాకర్‌తో పుట్టపర్తికి బయల్దేరింది. "తొందరగా రాండి. ఆయమ్మ పేరు మీద ముప్పైమంది బోజనానికొస్తారు. కూరగాయలన్నా తరగలేదు" అంది అత్త.

పరేడు మైదానంలో దివాకర్‌ను శాలువా కప్పడానికి ముందుకు పిలిచారు. షామియానా చివర నిలబడ్డ వనజాక్షి దగ్గరికి ఒక హెడ్ కానిస్టేబులు వచ్చింది. పేరు రామసుబ్బమ్మ. ముఖం పాలిపోయి ఉంది.

"నీ నడక సూసి దడుచుకున్న్యా పాపా. అశ్వినే వస్తాందేమో అనుకున్న్యా. ఆ దినం చెక్‌పోస్టులో నేనూ ఉన్న్యా."

"ఏం జరిగిందక్కా?"

"రెండు దినాలు జాతర బందోబస్తు. దిగి ఇంటికి పోయి పండుకోలేదు, మామ తద్దినానికి వంట చేసి మళ్లా డ్యూటీకొచ్చింది. లారీ మీదికొస్తాంటే అందరం పక్కకు దూకినాం. ఆపిల్ల కదల్లేదు. పేరు పెట్టి అరిసినా. కండ్లు తెరుసుకోనే ఉండాయి, ఆ కండ్లల్లో మనిషి మాత్రం లేదు. నిలబడే నిద్దరపోయింది పాపా."

"ఇంట్లో ఎవరికీ చెప్పలేదా?"

"మీ ఆయనకు చెప్పినా. ఈ మాట యాడా అనొద్దక్కా అని కాళ్లు పట్టుకున్న్యాడు."

చనిపోయినవాళ్లకు వందనంగా పోలీసుల తుపాకులు తలకిందులయ్యాయి. మైకులో అమరవీరుల పేర్లు చదువుతున్నారు. అశ్విని పేరు వినపడగానే వనజాక్షి గొంతులోంచి "ఆఁ" అని ఒక పలుకు లేచింది. అది తన గొంతు కాదు. రామసుబ్బమ్మ చటుక్కున ఆమె మణికట్టు పట్టుకుంది. రెండు నిమిషాల మౌనంలో ఎక్కడా ఆకు కదల్లేదు. ఎండలో ఆ మైదానమంతా కళ్లు తెరుచుకుని నిద్రపోతున్నట్టు కనిపించింది.

తిరుగు బస్సులో దివాకర్‌కు అత్త ఫోను చేస్తే, అతను దాన్ని వనజాక్షికి అందించాడు. "యాడున్నారు? ఎసరు పెట్టమంటావా?" వనజాక్షి ఫోను భర్తకు తిరిగి ఇచ్చింది.

"ఆయమ్మ నిలబడే నిద్దరపోయిందంట. మీకు తెలుసంట."

దివాకర్ ఒళ్లోని శాలువాను మడిచాడు. మళ్లీ విప్పి మడిచాడు. "ఎవరు చెప్పినారు?" అన్నాడు. నిజమా అని అడగలేదు.

కొత్తచెరువులో బస్సు ఆగింది. వనజాక్షి పుట్టిల్లు ఆ ఊళ్లోనే. ఆమె లేచి నిలబడింది.

"యాడికి? ఇంటికాడ అంతమంది కాసుకోనుంటే!"

మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆమె వెనక్కి తిరిగింది. ఈసారి గొంతు తనదే.

"ఆయమ్మకు మీ ఇంటినుంచి బయటపడనీకి పానం పోవాల్సొచ్చింది. నేను పానంతోనే దిగతాండా."