ఎనిమిదో తీగ

"నీది తేలిక ఒళ్లు, నువ్వే ఎక్కు," అన్నాడు ఎల్డన్. మొదటి తీగ నాడూ అదే మాట, ఇవాళ ఎనిమిదో తీగకీ అదే మాట. వెర్నా పొద్దుటి పళ్లేలు కడిగి, అతనికి ఫ్లాస్కులో టీ పోసి, తాడుకు వేలాడే గుడ్డకుర్చీలో కాళ్లు దూర్చుకుని కూర్చుంది. అతను తాడు లాగుతుంటే తమ పడవ తెరచాప స్తంభం పక్కగా నలభై అడుగులు పైకి వెళ్లింది.

ఆ స్తంభాన్ని నిలబెట్టే ఉక్కు తీగలు పాతికేళ్ల నాటివి. పేటలు తెగి, ముట్టుకుంటే చేతులు చీరుకుపోతున్నాయి. కొత్తవి మనమే వేసుకుందామన్నది ఎల్డన్. పుస్తకం తెచ్చి చదివింది, కొలతలు తీసింది, స్తంభం ఒరగకుండా ఒక్కో తీగే విప్పి కొత్తది బిగించింది వెర్నా. రేవులో ఎవరడిగినా "అన్నీ నేనే మార్చుకుంటున్నా" అంటాడతను. ఆ నోవా స్కోషియా తీరపు మగాళ్లంతా ఆగి అతన్ని మెచ్చుకుని పోతుంటే, పైనుంచి వాళ్ల నడినెత్తులు చూస్తూ ఆమె పానా తిప్పేది. "మావాడికి కోపమెక్కువ, నువ్వే కనిపెట్టుకుని మసులుకోవాలి" అని పెళ్లయిన వారానికే అత్తగారు చెప్పింది. ముప్పై ఏళ్లుగా కనిపెట్టుకునే ఉంది. కారు తలుపు వేసే చప్పుడుని బట్టి ఆ పూట ఎలా గడుస్తుందో చెప్పగలదు. మాట్లాడితే ఎదురు చెప్పడం, మాట్లాడకపోతే పొగరు.

పక్క పడవకు రంగేసుకుంటున్న ముసలి ఇడెల్లా, తన పడవకు ఎంత లావు తీగ వెయ్యాలని ఎల్డన్‌ని అడిగింది. ఏదైనా ఒకటే, దొరికింది వేసుకోమన్నాడు. వెర్నాకు ఉండబట్టలేదు.

"కాదు ఇడెల్లా. పాతదెంత లావో అంత ఉండాలి, తగ్గకూడదు."

"ఓహో, మేస్త్రీ పైనున్నారన్నమాట," అని నవ్వింది ఇడెల్లా.

ఎల్డన్ నవ్వలేదు. తాడు వదిలాడు.

కుర్చీ పదడుగులు జారిపడింది. స్తంభానికున్న అడ్డకడ్డీ పక్కటెముకలకు తగిలి లోపల ఏదో పుటుక్కుమంది. నాలుక పళ్ల మధ్య తెగింది. తాడు మళ్లీ బిగిసేసరికి ఆమె నోటి నెత్తురు అతని చొక్కా మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది.

"చెయ్యి జారింది," అన్నాడు ఇడెల్లాతో. తర్వాత తలెత్తి నింపాదిగా, "తాడు ఎవడి చేతిలో ఉందో చూసుకుని మాట్లాడు," అన్నాడు.

ఏడుస్తుందనుకున్నాడు. ఆమె నెత్తురు ఉమ్మి, పైకి లాగమంది. పని ఇంకా మిగిలే ఉంది. తీగ కొసన లావుపాటి సీల దూర్చేసింది. అది ఊడకుండా ఆపే పిన్ను, చిటికెనవేలి గోరంత, ఆమె అరచేతిలో ఉంది. అది పెట్టకపోతే పడవ ఊగినకొద్దీ సీల జరుగుతుంది. ఆదివారం ఎల్డన్ ఒక్కడే సముద్రం మీదికి వెళ్తున్నాడు. స్తంభం అతని పుర్రె మీద కూలడం ఆమెకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. అది ఎంత కావాలనిపించిందంటే నోట్లో నీళ్లూరాయి. పిన్ను చాలాసేపు వేళ్ల మధ్య నలిపింది. ఆఖరికి దూర్చి, రెండు కొసలూ వంచింది. అతని మీద జాలితో కాదు. ఎనిమిది తీగలూ తన చేతిపని. అందులో తప్పు ఉండడం ఆమెకు ఇష్టం లేదు.

దిగగానే అతను ఒక చెయ్యి పడవ అంచు గట్టున ఆనించి, రెండో చేత్తో ఆమె దవడ నొక్కిపట్టి, ఇడెల్లా ముందు తప్పయిందని చెప్పమన్నాడు. వెర్నా గట్టు మీదున్న చేతిని పానాతో కొట్టింది. దవడ వదలకపోతే మళ్లీ కొట్టింది. వేళ్లు విరిగిన చప్పుడు ఇడెల్లాకు కూడా వినపడింది. ఎల్డన్ మోకాళ్ల మీద కూలబడి అరుస్తుంటే ఇడెల్లా కుంచె పక్కన పెట్టి, ఏమీ అడక్కుండా వెర్నా కోసం తన ట్రక్కు తలుపు తీసింది.

ఆస్పత్రిలో నర్సు పాత కాగితాలు తిరగేసింది.

"ఇదివరకు రెండుసార్లు ఇంట్లో మెట్ల మీంచి పడ్డట్టు రాసుంది. ఇవాళ కూడా పడ్డారా?"

వెర్నా తెగిన నాలుకతో ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పింది.

"మా ఇంటికి మెట్లే లేవు. మొదటి నుంచీ రాసుకోండి."