జానెడు మట్టి

పోటు నిండే వేళకు పనాపా తన దుంపల గుంటలోకి దిగి, దోసిట నీరు పట్టి నాలుకకు తాకించి ఉమ్మేశాడు. పడమటి కొసన ఉప్పు. తూర్పు కొసన ఇంకా లేదు.

డెబ్బై ఏళ్ల ఆ మనిషి గోళ్ల కింది నల్లబురద ఏ స్నానానికీ వదలలేదు. ఆ పగడపు దీవిలో ఇసుకలోకి ఇంకిన వాన, అడుగున ఉన్న సముద్రం మీద పలచని పొరగా తేలుతుంది. పోటుకు లేస్తుంది, పాటుకు దిగుతుంది. ఒడ్డున మడచెట్లు ఉప్పునీటిలోనే బతుకుతాయి. వానపొర దాకా పూర్వులు తవ్విన గుంటలో చేమలాంటి పులకా దుంప మంచినీటితోనే బతుకుతుంది. ఒడ్డూ గుంటా రెండూ చిత్తడినేలలే; వాటిని వేరుచేసింది ఆ పొర ఒక్కటే.

పన్నెండేళ్ల కిందట, దీవిలో అతిపెద్ద దుంప తనదే కావాలని పనాపా గుంట పడమటి కొసన అడుగును మరో జానెడు తవ్వాడు. పందెం గెలిచాడు. తరువాతి కరువులో పొర పలచబడేసరికి, తవ్విన చోటనే ఉప్పు పైకి వచ్చింది.

గట్టు మీద నుంచి మేనల్లుడు కైటు పిలిచాడు. అతను దీవి సభలో ఉద్యోగి.

"మావా, సాయంత్రం ట్రాక్టరుతో ఇసుక తెస్తున్నాం. ఉప్పెక్కిన గుంట పూడ్చేస్తాం. దుంపలు వేసుకోను సిమెంటు తొట్లు ఇస్తున్నారుగా!"

"తొట్లో మీ అమ్మని బట్టలు నానబెట్టుకోమను. నేను తవ్వింది జానెడు. ఆ జానెడూ నేనే పూడుస్తా. మొత్తం పూడ్చడానికి నువ్వెవడివిరా?"

"ఒక్క పూటలోనా?"

"పందెం కాస్తావా?"

కైటు నవ్వి వెళ్లిపోయాడు. పనాపా పడమటి మొక్కలన్నీ పెకలించాడు. ఇసుక, కుళ్లిన ఆకులు మోసి తెచ్చి, పొర మీద పొర పరిచి, కాళ్లతో తొక్కాడు. మధ్యాహ్నం దాటాక పిలకలు నాటాడు. చివరి పిలక ఎండకు వాలింది. తన తాటాకు టోపీ తీసి దానిపై బోర్లించి, గట్టుకు ఆనుకుని కూర్చున్నాడు.

"అన్నా, చేప చల్లారిపోతోంది," అంటూ చెల్లెలు సలోతే వచ్చింది. అతను పలకలేదు. భుజం తట్టింది. చాలాసేపు అతని పక్కనే కూర్చుంది. తరువాత తన చేత్తో అతని కళ్లు మూసింది.

ట్రాక్టరు శబ్దం విని ఆమె లేచి గుంటలోకి దిగింది.

"ముందు నన్ను పూడ్చరా, కైటూ."

"అమ్మా, మావ..."

"మావ పోయాడు. పని పూర్తిచేసే పోయాడు. దిగి కొలుచుకో."

కైటు దిగాడు. కొత్త నేల మీద చేయి ఆనించి చూశాడు. పైకెక్కి ఇంజను ఆపాడు. ఇద్దరూ కలిసి పనాపాను ఇంటికి మోసుకుపోయారు.

పిలక నిలదొక్కుకునేదాకా తీయకూడదని, చివరి పిలక మీది టోపీని మాత్రం అక్కడే ఉంచారు.