పెళ్ళిరోజు అంకెలు

సోమవారం పొద్దున సర్వరు మీది దుమ్ము తుడుస్తూ తెర వైపు చూసిన ఎస్తెలిటాకి ఒక సంగతి కనిపించింది: మొన్న శనివారం తను బజార్లో చేపలు కోయించుకుంటున్న వేళకి, తన పేరుతోనే, తన మాస్టర్ కోడ్‌తోనే, ఎవరో ఓ నావికుడి భార్య లూమెన్ సందేశాల పెట్టె తెరిచి అందులోని మాటలన్నీ విన్నారు.

గుడ్డ చేతిలోనే ఉండిపోయింది.

ఇలోయిలో అనే ఊళ్ళో రేవు వీధిలోని ఆ ఏజెన్సీ ఓడలకి మనుషుల్ని పంపుతుంది. మొగుళ్ళు నెలల తరబడి సముద్రం మీదే. ఓడ ఏ రేవు తాకినా దిగి, ఫోన్ కార్డు కొనుక్కుని, ఇక్కడి నంబరు తిప్పి తమ పెట్టె తెరుచుకుంటే భార్య వదిలిన మాటలు వినిపిస్తాయి. పిల్లాడికి పన్ను ఊడిందనీ, కప్పు కారుతోందనీ, నువ్వు లేక మంచం వెడల్పైందనీ. ఎవరి పెట్టెకి వాళ్ళ రహస్యపు అంకెలు. ఏ పెట్టెనైనా తెరవగల కోడ్ ఒక్క ఎస్తెలిటా దగ్గరే ఉండాలి. సర్వరు నడిపేది ఆమె, కాపలా కాసేది ఆమె. సర్వరు గది కాఫీ గదిని ఆనుకుని ఉంది కాబట్టి ఆఫీసందరికీ కాఫీ కలిపేదీ ఆమె. "కొత్త సందేశాలు ఉన్నాయి, వినడానికి ఒకటి నొక్కండి" అనే గొంతు కూడా ఆమెదే. ఒక ఆదివారమంతా మంచినీళ్ళు తాగుతూ ఆ మాటలన్నీ రికార్డు చేసింది. దానికి అదనపు జీతం లేదు, కృతజ్ఞత లేదు. కొత్త వ్యవస్థ పెట్టినందుకు మెమెంటో మాత్రం సిబ్బంది మేనేజరు రోదెల్ గోడకెక్కింది. రోదెల్ ఆమె భర్త.

"లోకంలో ఉన్న రేవులన్నిట్లో నా పెళ్ళాం వాగుడే" అనేవాడు అందరి ముందూ. "అక్కడైతే ఒక మీట నొక్కితే ఆగుతుంది. ఇంట్లో ఆ మీట ఎక్కడుందో నాకింకా దొరకలేదు!" ఆఫీసంతా నవ్వేది. ఆ యంత్రంలోని ఆమె గొంతుకి ఎదురు సమాధానం చెప్పడం అతనికో సరదా. "దయచేసి ఆగండి" అంటే "ఆగనే, ఏం చేస్తావ్?" అనేవాడు. చివరి మాట తనదైతే తప్ప ఫోన్ పెట్టేవాడు కాదు.

కొన్నాళ్ళుగా పెట్టెల్లోని మాటలు బయటికొస్తున్నాయి. ఓడలో తిండి బాగాలేదని అదే పెట్టెలో భార్యకి జవాబు వదిలినవాడికి మళ్ళీ పని దొరకలేదు. లూమెన్ తన మొగుడు నొనోయ్‌కి, "భుజం నొప్పి దాచుకోకు, వచ్చే రేవులో డాక్టరుకి చూపించు, లాయరు కూడా అదే అన్నాడు" అని చెప్పింది. నొనోయ్ డాక్టరు దాకా వెళ్ళి పరిహారం అడిగే లోపే అతన్ని విమానం ఎక్కించి స్వదేశానికి పంపేశారు. కేసు కోసం రాజధానిలోనే ఉండిపోయి, ఇప్పటికీ ఆ పెట్టెలోనే లూమెన్ మాటలు వింటున్నాడు. "మా రోదెల్‌కి మనుషుల మనసులు తెలుస్తాయి" అని యజమాని కెప్టెన్ వియాసిస్ మెచ్చుకున్నాడు. ఎలా తెలుస్తాయో అడగలేదు. ఆడవాళ్ళు చాలామంది పెట్టెల్లో మాట్లాడటం మానేసి నిలదీసేసరికి మాత్రం, ఈ శనివారం జరిగే కుటుంబాల సమావేశంలో దోషిని చూపిస్తానన్నాడు. దోషి ఎవరో చూపించింది రోదెలే. "మాస్టర్ కోడ్ మా ఆవిడ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు సార్. నాకూ బాధగానే ఉంది."

ఇప్పుడు సర్వరు కూడా అదే సాక్ష్యం చెబుతోంది: ఎస్తెలిటా, ఎస్తెలిటా, ఎస్తెలిటా.

ఆ కోడ్ ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎక్కడా రాయలేదు. ఆఫీసులో పనిచేసే ఆడవాళ్ళందరూ తమ కంప్యూటర్లకి చేసే పనే తనూ చేసింది: పెళ్ళిరోజు తేదీ పెట్టుకుంది. మొగుళ్ళకి ఆ తేదీ ఎప్పుడూ గుర్తుండదు కాబట్టి అంతకంటే భద్రమైన తాళం లేదని కాఫీ గదిలో పైకే చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. రోదెల్‌కీ ఏ ఏడూ గుర్తు లేదు. ఏ ఏడూ... ఎస్తెలిటా స్టూలు మీద కూలబడింది. కిందటేడు ఈస్టర్ అయిన మర్నాడు, ఆమె అతని చొక్కా ఇస్త్రీ చేస్తుంటే వెనకనించి వచ్చి భుజం మీద చెయ్యేసి అడిగాడు. "ఏమే, మన పెళ్ళి ఏ తేదీన అయింది?" ఇన్నేళ్ళలో మొదటిసారి. ఆమె చెప్పింది, సంవత్సరంతో సహా, సిగ్గుపడుతూ, కొత్త పెళ్ళికూతురిలా. ఆ తేదీ వచ్చినరోజు, శుభదినాలకి వండుకునే నూడుల్స్ వండింది, రొయ్యలు ఎక్కువేసి. జుట్టుకి కొబ్బరి నూనె పెట్టుకుని తలుపు దగ్గర కూర్చుంది. అతను తినేసి వచ్చానని పడుకున్నాడు. మర్చిపోయాడు పాపం అని ఆ రోజు తనకి తనే సర్దిచెప్పుకుంది. మర్చిపోలేదు. బాగా గుర్తు పెట్టుకున్నాడు. ఆ తేదీని వారం వారం వేళ్ళతో నొక్కుతున్నాడు.

ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు. దాని బదులు ఒంట్లోకి చల్లగా, హాయిగా ఏదో దిగింది.

ఆ రోజు భోజనాల దగ్గర అత్తగారు ఎముక చీకుతూ అంది, "ఒప్పేసుకో అమ్మాయ్. ఆడదాని ఉద్యోగం పోతే ఇల్లేం కూలిపోదు. మగాడి పేరు పోతే కూలిపోతుంది."

"అదే నేనూ చెప్తున్నా" అన్నాడు రోదెల్. "పొరపాటైందని ఏడువు. కెప్టెన్ కరిగిపోతాడు. ఇంట్లో నీకు పని తక్కువా ఏంటి?"

"లేదు, బోలెడుంది" అంది ఎస్తెలిటా. అతని కంచంలో ఇంకో చేప ముక్క వేసింది.

కోడ్ మార్చడం ఆమెకి చిటికెలో పని. మార్చితే దొంగతనం ఆగుతుంది, కానీ దొంగ ఎస్తెలిటాగానే మిగిలిపోతుంది. అందుకని మార్చలేదు. తాళం అలాగే ఉంచి, దాని వెనక ఇంకో తలుపు పెట్టింది. మాస్టర్ కోడ్‌తో ఎవరు ఇంకొకరి పెట్టె తెరిచినా ముందు ఆమె గొంతు వినబడుతుంది: "ఈ పెట్టె మీది కాదు. మీ పేరు, తెరుస్తున్న కారణం చెప్పండి. మీ మాటలు రికార్డవుతాయి." నోరు విప్పనిదే పెట్టె తెరుచుకోదు. నోరు మూసుకుని ఫోన్ పెట్టేసే దారి దొంగకి ఎప్పుడూ ఉంటుంది. కానీ ఆమె గొంతు వింటూ నోరు మూసుకున్న రోజు రోదెల్ జీవితంలో లేదు.

తర్వాత ఊళ్ళోనే ఉన్న లా పాజ్ సంతలో సూప్ కొట్టు దగ్గర లూమెన్‌ని పట్టుకుంది. లూమెన్ మొహం తిప్పేసుకుంది.

"మీ యంత్రానికి చెవులున్నాయని తెలీక మొగుడితో నా గోడు మొత్తం చెప్పుకున్నానక్కా. వెళ్ళు, మా మాటలు అమ్మితే వచ్చిన వాటాతో కొబ్బరి రొట్టె కొనుక్కో."

"తిట్టు. శనివారం దాకా తిట్టు" అంది ఎస్తెలిటా, బల్లకి అటువైపు కూర్చుంటూ. "కానీ నీ పెట్టెలో ఒక మాట వదులు. సమావేశంలో ఏం అడగాలో లాయరు రాసిచ్చాడని చెప్పు."

"ఎవరు వినడానికి?"

ఎస్తెలిటా చెప్పింది. లూమెన్ చెంచా కింద పెట్టేసింది.

"అయ్యో అక్కా... మీ ఆయనా?"

"నా పెళ్ళిరోజు" అంది ఎస్తెలిటా. "తాగు, చల్లారిపోతోంది."

శనివారం పొద్దున కాఫీ గిన్నె పొయ్యి మీద ఉండగా, గాజు తలుపు అవతల రోదెల్ ఫోన్ ఎత్తడం కనిపించింది. అంకెలు నొక్కాడు. ఆగాడు. కనుబొమలు పైకెత్తి, నవ్వి, ఏదో మాట్లాడటం మొదలెట్టాడు. ఎస్తెలిటా పాలు పొంగకుండా చూసుకుంది. తనకి కావలసింది ఆ గొంతు ఒక్కటే. 'నేను ఎస్తెలిటాని' అని వెక్కిరించినా చాలు. కానీ అతను చాలాసేపు మాట్లాడాడు.

సమావేశం హాలు ఆడవాళ్ళతో నిండిపోయింది. వెనక వరసలోంచి "అదిగో వస్తోంది చెవులమ్మ" అని ఎవరో అన్నారు. రోదెల్ ముందు వరసలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు, పక్కనే తెల్ల విసనకర్రతో అత్తగారు. కుటుంబాల సమావేశం ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది: ఓడల మీది మగవాళ్ళు ఉమ్మడి పెట్టెలో వదిలిన పలకరింపులు ముందు హాల్లో లౌడ్‌స్పీకర్లో వినిపిస్తారు. ఆడవాళ్ళు తమవాడి గొంతు గుర్తుపట్టి కేకలేస్తారు, ఆ తర్వాతే మిగతా సంగతులు. మాస్టర్ కోడ్ వాడేవాళ్ళని యంత్రం అడిగే ప్రశ్న, వాళ్ళ జవాబు కూడా ఆ ఉమ్మడి పెట్టెలోకే చేరేలా ఎస్తెలిటా వారం మొదట్లోనే దారి మళ్ళించింది.

"కానివ్వమ్మా" అన్నాడు కెప్టెన్, ఆమె మొహం చూడకుండా. "ఇదే నీ ఆఖరి పని."

"చిత్తం సార్."

మీట నొక్కింది. ఎక్కడో రేవులోంచి ఒకడు పాట పాడాడు, ఇంకొకడు కూతురికి పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పాడు. హాలు నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఎస్తెలిటా గొంతు వినిపించింది, యంత్రంలోంచి, మర్యాదగా: ఈ పెట్టె మీది కాదు. మీ పేరు, తెరుస్తున్న కారణం చెప్పండి. మీ మాటలు రికార్డవుతాయి.

రోదెల్ చాపిన కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. అత్తగారి విసనకర్ర ఆగిపోయింది. లౌడ్‌స్పీకర్ గొంతు సవరించుకుంది.

"అబ్బో, ప్రశ్నలు కూడా నేర్చావే! రాసుకో: రోదెల్ మగ్బనువా, నీ మొగుడు. కారణం? లూమెన్ లాయరు ఏం కూశాడో వినాలి. నొనోయ్ భుజం సంగతి కెప్టెన్ చెవిలో వేసింది నేనే, ఈ ఏడాదంతా అందరి పెట్టెలూ విన్నది నేనే. రికార్డు చేసుకో, పోయేది నీ ఉద్యోగమే కదా, రేపట్నించి నీ మాట వినేదెవరు? ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, పెళ్ళిరోజు పెట్టుకున్నావు చూడు... నన్ను పెళ్ళి చేసుకుని నువ్వు నాకిచ్చిన పనికొచ్చే వస్తువు అదొక్కటేనే."