ఎస్టిల్ క్యారేజీ

మొదటి ముక్క నోట్లో పెట్టుకోకముందే మూత మీది గీతలు చూశానా, తినడం మొదలుపెట్టాక చూశానా అన్నది నలభై ఏడేళ్లుగా నాకు తేలలేదు. ప్రార్థనలో ఎన్నోసార్లు దేవుణ్ణి అడిగాను. ఆయనకు తెలుసు. కాని చెప్పలేదు. నాకు తెలిసిన సంగతినే ఆయన్ను అడుగుతున్నానేమో, అందుకే ఊరుకున్నాడేమో అని కూడా అప్పుడప్పుడు అనిపించేది.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. రాక్‌లిక్ లోయలో చిన్న బొగ్గు గని, పన్నెండు మందిమి పనివాళ్లం. బొగ్గు పొర ఎత్తు మూడడుగులే, పగలంతా మోకాళ్ల మీదే పని. అందరివీ ఒకే రకం గుండ్రటి అల్యూమినియం క్యారేజీలు. అడుగున నీళ్లు, పై గిన్నెలో తిండి. ఒకరిది ఒకరికి మారకుండా కొందరు మూత మీద మేకుతో గుర్తులు గీసుకున్నారు. ఎస్టిల్ మూత మీద మూడు గీతలు. నా మూత మీద ఏమీ లేదు.

గనిలో క్యారేజీ అంటే ఒక పూట భోజనం మాత్రమే కాదు. పైకప్పు కూలి దారి మూసుకుపోతే, బయటివాళ్లు తవ్వుకుంటూ వచ్చేదాకా మనిషిని బతికించేది అదే. అందుకని మొగుడితో ఎంత గొడవపడ్డా, ఖాళీ క్యారేజీతో లోపలికి పంపే ఇల్లాలు మా లోయలో లేదు.

ఇంకో పద్ధతి కూడా ఉండేది. ఎవరి క్యారేజీ అయినా తేలిగ్గా ఉందని తెలిస్తే, వాడు చూడని వేళ ఎవరో ఒకరు అందులో ఏదో ఒకటి పెట్టేవాళ్లు. పెట్టినవాడు చెప్పడు, తిన్నవాడు అడగడు. అడిగితే అది ఇద్దరికీ తలవంపులు. ఆ నెలలో నా క్యారేజీ తేలికగా ఉండేది. నా భార్య నోలా మొదటి కాన్పుకి కొండ అవతల వాళ్లమ్మ దగ్గరికి వెళ్లింది. నేను ఎండిపోయిన రొట్టె మీద జామ్ పూసుకుని తెచ్చుకునేవాణ్ణి. అలా తెచ్చుకున్న రోజుల్లో ఒకసారి ఉడికించిన గుడ్డు, ఒకసారి ఆపిల్ పూర్ణం పెట్టి వేయించిన కజ్జికాయ, ఒకసారి ఏకంగా కోడి కాలు నా గిన్నెలో కనబడ్డాయి.

ఆ రోజు నా పని కాస్త ముందే అయింది. భోజనాల చోటికి ఒక్కణ్ణే పాక్కుంటూ వచ్చాను. టోపీ మీది దీపం బ్యాటరీ అయిపోవచ్చింది, వెలుగు పసుపుపచ్చగా వణుకుతోంది. నేను రోజూ పెట్టే చోట ఉన్న క్యారేజీ అందుకుని మూత తీశాను. మైనపు కాగితం పొట్లం. విప్పితే బలోనీ, మాంసం రుబ్బి లావుపాటి కడ్డీలా చేసేది. షాపులో కోసి ఇచ్చే పల్చటి బిళ్ల కాదు, వేలెడు మందం. ఇనుప పెనం మీద అంచులు నల్లబడేదాకా వేయించి, మెత్తటి తెల్ల బ్రెడ్డు మధ్య ఆవ ముద్ద పూసి, పచ్చి ఉల్లిపాయ చక్రం పెట్టిన శాండ్‌విచ్చి. వేడి చల్లారి, కొవ్వు బ్రెడ్డులోకి ఇంకి, చెయ్యి పెట్టగానే వేళ్లు జిడ్డయ్యాయి. ఎవరో మంచివాడు పెట్టాడనుకున్నాను. తల వంచి స్తోత్రం చెప్పుకుని తిన్నాను.

తర్వాత మూడు గీతలున్న మూత మూసి, ఎస్టిల్ క్యారేజీని నాలుగడుగుల అవతల, అతను పెట్టుకునే చోట పెట్టి, అక్కడున్న నాది వెనక్కి తెచ్చుకున్నాను. మైనపు కాగితం జేబులో దోపుకున్నాను.

ఎస్టిల్ అందరికంటే ఆఖర్న వచ్చాడు. నాకంటే ఆరేళ్లు పెద్ద. మూత తీశాడు, చూశాడు, మూసేశాడు. అడుగు గిన్నెలో నీళ్లు తాగాడు. తినవా అని ఎవరో అడిగితే కడుపులో బాగోలేదన్నాడు. అప్పుడే నోరు విప్పి ఉంటే పది మందీ నవ్వేవాళ్లు, తలా ఒక ముక్క తీసి అతనికి పెట్టేవాళ్లు, అంతటితో సరిపోయేది. నేను బొగ్గు గోడ వైపు తిరిగి కూర్చున్నాను.

మర్నాటి నుంచి ఎస్టిల్ తన క్యారేజీ తనే కట్టుకోవడం మొదలుపెట్టాడు. అది తెలిసి గనిలో ఆటపట్టించారు. అంతకు రెండు రోజుల ముందే అతను భార్య డెల్ఫియా పెంచుకుంటున్న, గుడ్లు పెట్టే ఆరు కోళ్లను ఒక వేట కుక్క కోసం మార్చుకొచ్చాడు. ఆ కుక్క నక్క వాసన తగిలితే మంచం కింద దూరేది. ఇంట్లో తిండి కుక్కకేనా, నీకు లేదా అని అడిగేవాళ్లు. ఎస్టిల్ కూడా నవ్వేవాడు. కోళ్ల గొడవ వల్లే అనుకుని నేనూ నవ్వాను. కాని ఆ నవ్వు లోపలిదాకా దిగలేదు.

కుక్క చచ్చిపోయింది, మళ్లీ కోళ్లు వచ్చాయి, గని మూతపడింది. ఎస్టిల్ వేరే గనికి వెళ్లాడు. అక్కడికీ తన క్యారేజీ తనే కట్టుకునేవాడని విన్నాను.

మా చర్చిలో ఏటా జూన్‌లో పాదాలు కడిగే ఆదివారం ఉంటుంది. నడుముకి తువ్వాలు చుట్టుకుని, పళ్లెం ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఒక సహోదరుడు ఇంకో సహోదరుడి పాదాలు కడుగుతాడు. ఇద్దరి మధ్య ఏదైనా ఉంటే పళ్లెం దగ్గరికి రాకముందే తేల్చుకోవాలని పెద్దలు ప్రతిసారీ చెబుతారు. నేను కడిగేది ఎస్టిల్ పాదాలే. రాయి పడి చీలిన అతని బొటనవేలి గోరు నా గోరంత బాగా నాకు తెలుసు. అతనికి నా మీద ఏమీ లేదు కదా, అయితే మా మధ్య ఏమీ లేనట్టే కదా అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. ఇద్దరిలో ఒక్కడికే తెలిసినది ఇద్దరి మధ్య ఉన్నట్టా, లేనట్టా? పెద్దలెవరినీ అడగలేదు. అడిగితే ఎందుకు అడుగుతున్నావంటారు.

ఈ ఏడు ఆ ఆదివారానికి ముందు శుక్రవారం, పంది కొవ్వు వేసి ఉడికించిన చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె తీసుకుని నోలా ఎస్టిల్ ఇంటికి వెళ్లింది. బొగ్గు దుమ్ము ఎస్టిల్ ఊపిరితిత్తులను తినేసింది. ముక్కుకి గొట్టం పెట్టుకునే తిరుగుతున్నాడు. సోమవారం లెక్సింగ్టన్ పెద్దాసుపత్రికి వెళ్లాలి, అవసరమైతే అక్కడే కోత పెడతారట. మూడు గంటల దారి. డెల్ఫియా సోమవారం దారిలో తినడానికి ఏం కట్టాలా అని సరుకులు చూసుకుంటుంటే, ఎస్టిల్ గొట్టం ఈడ్చుకుంటూ వంటింట్లోకి వచ్చి, నీకెందుకు, నాది నేను కట్టుకుంటాలే అన్నాడట.

నోలా తిరిగొచ్చి ఆ మాట చెబుతూ కుర్చీలో కూలబడింది. బల్ల దగ్గర కూర్చుంటే మూడు పళ్లేలు తింటాడు, నేను మూట కడితే మాత్రం ముట్టడు, నలభై ఏడేళ్లుగా ఇదే, నా చేతిలో ఏం దోషముందో ఒక్కనాడూ చెప్పలేదు అని డెల్ఫియా నవ్వుతూనే అందట. అక్కడ కోత పెట్టాక ఆయన లేవకపోతే ఇది ఇలాగే ఉండిపోతుంది కదా నోలా అని కూడా అందట.

నోలా నా ముఖం వైపు చూసింది. "నీకేమైంది?" అంది.

ఏమీ లేదన్నాను. మర్నాడు పొద్దున్నే షాపుకి వెళ్లి, బలోనీ కడ్డీ నుంచి వేలెడు మందం బిళ్లలు కోయించుకున్నాను. బ్రెడ్డు, ఆవ ముద్ద, ఒక ఉల్లిపాయ కూడా తీసుకున్నాను.

నేను వెళ్లేసరికి ఎస్టిల్ వరండాలో కూర్చున్నాడు. పక్కన ఆక్సిజన్ యంత్రం టిక్కు టిక్కుమంటోంది. డెల్ఫియా తలుపు దగ్గర పీట వేసుకుని చిక్కుళ్లకు ఈనెలు తీస్తోంది.

"ఆ సంచిలో ఏంట్రా వెర్లిన్?"

"బలోనీ."

"డాక్టరు ఉప్పు మానమన్నాడు."

"తెలుసన్నా. ఇది బాకీ."

"నాకు నువ్వేం బాకీ? ఆ రంపం ఎప్పుడో తిరిగిచ్చేశావుగా, పళ్లు అరగదీసి మరీ."

సంచి అతని కాళ్ల దగ్గర పెట్టి చెప్పాను. నోలా కాన్పు, బ్యాటరీ అయిపోయిన దీపం, నా చోట ఉన్న క్యారేజీ, ఎవరో పెట్టారనుకున్న సంగతి, మూత మీది గీతలు, జేబులో దోపుకున్న కాగితం. చెబుతున్నంతసేపూ అతని బూట్ల వైపే చూశాను. డెల్ఫియా చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది.

ఎస్టిల్ కాళ్ల దగ్గరున్న సంచి వైపు చూశాడు.

"ఆ పొద్దున క్యారేజీ బరువుగానే ఉండింది," అన్నాడు. "మూత తీశాక, అదంతా నీళ్ల బరువేననుకున్నా."

డెల్ఫియా లేచి వచ్చి అతని ఎదురుగా నిలబడింది. "నేను ఖాళీది పంపాననుకున్నావా?"

"కోళ్ల గొడవ అయింది కదే."

"ఖాళీ క్యారేజీతో నిన్ను కొండ కిందకి పంపాననుకున్నావా, ఎస్టిల్?"

అతను ముక్కు దగ్గర గొట్టం సర్దుకున్నాడు.

"ఒక్కసారి అడగలేకపోయావా?"

"అడిగితే అవునంటావేమోనని."

ఆమె నా వైపు తిరిగింది. గౌను మడతల్లోంచి చిక్కుడు ఈనెలు కింద రాలుతున్నాయి. "రోజూ ఒకటే పెట్టేదాన్ని," అంది. "ఆ రోజు మాట్లాడకుండానే పంపించాను. మనసు ఊరుకోలేదు. అందుకని రెండు పెట్టాను. తిన్నది నువ్వే కదా వెర్లిన్, చెప్పు ఆయనకి. రెండున్నాయా లేవా?"

ఇన్నేళ్లూ నేను దేవుణ్ణి అడిగింది మొదటిదాని గురించే. రెండోదాని గురించి ఎప్పుడూ అడగలేదు.

"రెండున్నాయక్కా. రెండోదాంట్లో ఉల్లిపాయ రెండు చక్రాలు."

"అదీ తిన్నావా?" అన్నాడు ఎస్టిల్.

"తిన్నాను. అప్పటికి గీతలు చూశాను."

ఎస్టిల్ నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. డెల్ఫియా వీపు రాసింది. ఊపిరి అందాక, "ఒకటన్నా వదిలేయాల్సింది కదరా," అన్నాడు.

"ఒకటి వదిలితే, విప్పిన పొట్లం చూసి ఇంకోటి ఎవరో తిన్నారని తెలిసిపోతుంది కదన్నా. అప్పుడు ఆ లెక్క వేసుకున్నాను." అక్కడితో ఆపితే అదీ సగం నిజమే అయ్యేది. "పైగా బాగుంది. ఆపుకోలేకపోయాను."

"అంత బాగుందా?" అంది డెల్ఫియా.

"నోలాకి చెప్పనంటే చెబుతానక్కా. ఆ తర్వాత అలాంటిది తినలేదు."

ఆమె సంచి తీసుకుని లోపలికి వెళ్లింది. ఎస్టిల్‌ని యంత్రంతో సహా వంటింటి బల్ల దగ్గరికి నడిపించాను. డెల్ఫియా ఇనుప పెనం పొయ్యి మీద పెట్టి, ఒక్కో బిళ్లకి అంచు నుంచి నడిమి దాకా కత్తితో ఒక గాటు పెట్టింది.

"అది ఎందుకు?" అన్నాడు ఎస్టిల్.

"గాటు పెడితే బోర్లించిన గిన్నెలా ఉబ్బదు, చదునుగా వేగుతుంది. నలభై ఏడేళ్లు నువ్వు గొడుగులు వేయించుకుని తింటుంటే, ఎప్పటికైనా అడుగుతాడులే అని చూస్తూ కూర్చున్నా."

వంటిల్లంతా ఆ వాసన నిండింది. అంచులు నల్లబడ్డాక ఆమె బిళ్లలు తీసి బ్రెడ్డు మీద వేసి, ఆవ ముద్ద రాసి, ఉల్లిపాయ పెట్టింది. తర్వాత స్టూలు ఎక్కి అటక మీంచి పాత క్యారేజీ దించింది. అందులో బట్టలకి పెట్టే క్లిప్పులున్నాయి. వాటిని బల్ల మీద ఒలకబోసి, గిన్నెలు కడిగి తుడిచింది. శాండ్‌విచ్చిలు రెండూ మైనపు కాగితంలో చుట్టి పై గిన్నెలో పెట్టి, మూత వేసి ఎస్టిల్ ముందు ఉంచింది.

అతను మూడు గీతల మీద బొటనవేలు తిప్పాడు. అవి ఇంకా అరగలేదు. మూత తీశాడు. తల వంచాడు. మేమూ వంచాం. "దేవా, దీన్ని పెట్టిన చేతికి స్తోత్రం," అన్నాడు. అంతకంటే పెద్ద ప్రార్థనకి అతనికి ఊపిరి లేదు.

మొదటిది తిన్నాడు. మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటూ, చివరి ముక్క దాకా తిన్నాడు. రెండోది చేతిలోకి తీసుకుని నా వైపు చాచాడు.

"ఇదిగో. రెండోది నీకలవాటేగా."

"వద్దన్నా. అది నీదే."

అతను ఇంకాస్సేపు చెయ్యి చాచే ఉంచాడు. నేను రెండు చేతులూ బల్ల కింద పెట్టుకున్నాను. అప్పుడు దాన్ని కూడా తినడం మొదలుపెట్టాడు. అయ్యేదాకా డెల్ఫియా కూర్చోలేదు, పొయ్యికి ఆనుకుని చూస్తూనే ఉంది. తినడం అయ్యాక ఎస్టిల్ వేళ్లు తుడుచుకున్నాడు. మైనపు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆమె చేతికిచ్చాడు.

"సోమవారానికి కూడా రెండే కట్టు," అన్నాడు.