ఉప్పు చూసే నోరు

నవంబరు వానలు మొదలయ్యాయంటే మా మసాకా ఊళ్ళో ఏ ఆడదాని గోళ్ళు చూసినా తెలిసిపోతుంది. ఎంత తోమినా మిడతల పసరు పోదు. కొండమీద పెద్ద దీపాలు వెలిగించి రేకులు నిలబెడతారు. వెలుగుకు వచ్చిన మిడతలు రేకులకు తగిలి కింద డ్రమ్ముల్లోకి జారుతాయి, తెల్లవారేసరికి బస్తాల్లో మార్కెట్టుకు దిగుతాయి. కొనుక్కొచ్చాక పని మనది. చేతులకు బూడిద రాసుకుని ఒక్కొక్కదాన్నీ తుంచాలి. ముందు రెక్కలు, తరవాత కాళ్ళు. తొందరపడి రెండూ కలిపి లాగితే పొట్ట చిట్లుతుంది. చిట్లినది మూకుట్లో మాడి మిగతావాటికి కూడా చేదు పట్టిస్తుంది. ఈ సంగతి మా అక్క కూతురు సూబికి చెప్పి చెప్పి నేను అలిసిపోయాను. విని విని ఆమె అలిసిపోయింది.

ఆ ఉదయం ఇద్దరం మా వెనక వరండాలో చాప మీద కూర్చుని తుంచుతున్నాం. ఫోను మోగింది. సూబి బూడిద చేతులు గౌనుకు తుడుచుకుని తీసింది. అవతల మాట్లాడుతున్నది వైరిము. నైరోబీ నుంచి వచ్చి కంపాలాలో ఉంటోంది. కొత్తగా వ్యాపారం పెట్టుకునే పిల్లలకు దారి చూపించడం ఆమె ఉద్యోగం. సూబి ఆమెను ‘మా మెంటర్’ అంటుంది. చాలాసేపు విని, "సరేనండి," అని ఫోను పెట్టేసి, మళ్ళీ రెక్కలు తుంచడం మొదలుపెట్టింది.

నేను అడక్కుండానే తనే చెప్పింది. శుక్రవారం కంపాలాలో కొత్త వ్యాపారాల ఎంపిక. ఎవరి సరుకు గురించి వాళ్ళు మాట్లాడాలి, ఆఖరున పొట్లం విప్పి అందరి ముందూ ఒకటి నోట్లో వేసుకోవాలి. తినే సరుకు తెచ్చినవాళ్ళందరికీ అదే నియమం.

"తింటావా?" అన్నాను.

"ఒక్కటేగా చిన్నమ్మా."

సూబి తండ్రి మతియా బావగారిది మిడతల వంశం. వంశం తండ్రి వైపు నుంచి వస్తుంది కనుక సూబిదీ అదే. ఏ వంశానికి ఏది పేరో దాన్ని ఆ వంశం వాళ్ళు నోట పెట్టరు, అది తోబుట్టువు కింద లెక్క. నేనూ మా అక్క కెవీనా దుప్పి వంశంలో పుట్టాం, దుప్పి మాంసం ముట్టం. మిడతలు మాకు అడ్డు లేదు. అయినా అక్క పెళ్ళయిన నాటి నుంచి వాటిని తన గుమ్మం దాటనివ్వలేదు. అందుకే సూబి వ్యాపారం మా వంటింట్లో నడుస్తోంది. అమ్మకూడదని ఎక్కడా లేదు, తినకూడదనే ఉంది. బావగారు కూడా అడ్డుపడలేదు. మొదట్లో ఒకసారి మాత్రం, "లోకంలో ఇన్ని పురుగులుండగా వేయించుకోవడానికి తోడబుట్టినవాళ్ళే దొరికారా నీకు?" అని నవ్వారు.

అసలు ఇదంతా బ్లాగుతో మొదలైంది. కాలేజీ చివరి ఏడాదిలో సూబి ‘తినకూడనివి’ అని ఒక బ్లాగు పెట్టింది. మొదటిది మా అమ్మ గురించి రాసింది. మా అమ్మ ప్రతి ఏడూ మా నాన్న కోసం మిడతలు పట్టి, తుంచి, వేయించి పెట్టేది. వెనకటి రోజుల్లో ఆడవాళ్ళు వాటిని తినకూడదు. పట్టినందుకు మా నాన్న ప్రతి ఏడూ ఒక కొత్త గొమెసి గౌను కుట్టించేవాడు, భుజాలు నిక్కి నడుముకు పెద్ద పట్టీ ఉండేది. మా అమ్మ దగ్గర పెట్టెనిండా గొమెసిలు ఉండేవి. మిడతల రుచి ఏమిటో తెలియకుండానే పోయింది. సూబి ఇంతే రాసింది, పైన ఒక్క మాట కూడా వ్యాఖ్యానించలేదు.

రెండోది తన గురించి. "నేను మిడతల వంశపు పిల్లను, నేను తినను. మా చిన్నమ్మ తింటుంది. ఆమె నమిలి చెప్తుంది, నేను రాస్తాను." దాన్ని ఎక్కడెక్కడివాళ్ళో చదివారు. లాగోస్ నుంచి, లుసాకా నుంచి, లండన్‌లో పుట్టి మా మాట రాని పిల్లల నుంచి ఉత్తరాలొచ్చాయి. మిడతలు దొరుకుతాయా అని అడిగారు కొందరు. అలా పొట్లాలు మొదలయ్యాయి. మూడు మిడతల కాలాల నుంచి ఉప్పు చూసేది నేనే. నోట్లో వేసుకోగానే ఏమిటి, నమిలాక ఏమిటి, మింగాక నాలుక మీద మిగిలేది ఏమిటి అని సూబి అడిగేది. తెలియదని అంటే ఒప్పుకునేది కాదు.

వైరిము వచ్చాక ఆ రెండో రాత పోయింది. తాను వండింది తాను తినని మనిషి చేతి వంట ఎవరు కొంటారు, తీసెయ్ అందట. వంశం పేరు మాత్రం ఆమెకు తెగ నచ్చింది. మిడతల వంశం పిల్ల మిడతలు అమ్మడం కంటే గొప్ప సంగతి ఏముంటుందని, పొట్లం మీద ‘మిడతల వంశపు ఆడపడుచు చేతి వంట’ అని అచ్చు వేయించింది. కంపాలాలో ఏ బండివాడు చదివినా పొట్ట పట్టుకుని నవ్వుతాడు. ఆ మాట సూబితో అన్నాను.

"తెలుసు చిన్నమ్మా. ఒకసారి చెప్పాను. ఆమె ‘భలే ఉంది’ అంది. మళ్ళీ చెప్పే ఓపిక లేదు."

"ఆ రాత తీసేస్తే ఇక మిగిలినదంతా ఎవరి నోటి మాట?"

"నీదే. ఎప్పుడూ నీదేగా."

ఎగతాళిగా కాదు, మామూలుగానే అంది. ఎంపికైతే కంపాలాలో ఒక ఏడాది వంటశాల, ఎండబెట్టే గది, పెద్ద దుకాణాల అరల్లో చోటు దొరుకుతాయి. కాకపోతే జనవరి నుంచి కాఫీ మిల్లు ఆఫీసులో గుమాస్తా పని. బావగారు మాట్లాడి ఉంచారు. బ్లాగు రాసుకోవడం, పొట్లాలు కట్టుకోవడం ఆదివారాలకు పరిమితం. ఇరవైనాలుగేళ్ళకే ఆమె కళ్ళ కింద నల్లగా పట్టేసింది. ప్రతి సదస్సుకూ వెళ్ళి అదే కథ చెప్పి, అదే ఫొటో దిగి, అదే సమోసా తిని రావడం అయిపోయింది. ఇక ఏదో ఒకటి తేలిపోతే చాలన్నట్టుంది.

"వంశం పేరున్నది తింటే పళ్ళూడిపోతాయంటారు పెద్దలు మరి," అన్నాను.

"ఊడితే వచ్చే వారం బ్లాగుకు విషయం దొరుకుతుంది," అంది.

గురువారం మధ్యాహ్నం వేయించాం. నూనె అక్కర్లేదు, వాటి కొవ్వులోనే వేగుతాయి. చివర్లో ఉల్లిపాయ, ఉప్పు. నేను చూశాను, సరిపోయింది. పళ్ళెంలో పరిచి చల్లారనిచ్చి అప్పుడు కట్టాలి. కానీ పొట్లం అంచు అంటించే మిషనుకు కరెంటు కావాలి. ఆ రోజు పొద్దుటినుంచి పోతూ వస్తూ ఉంది. సూబి మాటిమాటికీ బల్బు వంక చూస్తూ, "కట్టేద్దాం చిన్నమ్మా, మళ్ళీ పోతే రేపటికి చేతిలో ఏమీ ఉండదు," అంది. కట్టేశాం. నా చేతికి పొట్లాలు ఇంకా వెచ్చగానే తగిలాయి.

శుక్రవారం తెల్లవారి టాక్సీ వ్యాన్ల స్టాండుకు బావగారు వచ్చారు. అక్క అరటాకులో కట్టి పంపిన ఉడికించిన అరటికాయ ముద్ద మా చేతికిచ్చారు. ఒక పొట్లం తీసి, అద్దాలు పెట్టుకుని, దాని మీది మాట పెదవులు కదుపుతూ చదివారు. నేను సంచి మూతి పట్టుకుని ఆయన ముఖమే చూస్తున్నాను.

"వంశం పేరు వేశావా? మంచిది. మీ తాత చూస్తే సంతోషించేవాడు," అని పొట్లం జాగ్రత్తగా సంచిలో పెట్టేశారు. సూబి మోకాళ్ళ మీద వంగి సెలవు తీసుకుంది. దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

హాలు చలిగా ఉంది. వేదిక మీద ‘యువ ఆఫ్రికా గళాలు’ అని పెద్ద బట్ట కట్టారు. ఒక కుర్రాడు పుట్టగొడుగుల పొడి తెచ్చాడు, ఒక అమ్మాయి చెట్టుబెరడు బట్టతో సంచులు కుట్టింది. కూర్చున్న ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఒకాయన మా గండా జాతి పెద్దమనిషే, తల నెరిసింది. వైరిము అటూ ఇటూ పరుగెడుతూ అందరికీ నీళ్ళ సీసాలు తనే అందిస్తోంది. నేను రెండో వరసలో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

సూబి బాగా మాట్లాడింది, కానీ అప్పజెప్పినట్టుంది. మా అమ్మ గొమెసిల దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం గొంతు కొంచెం మారింది. మాట పూర్తయ్యాక ఆ పెద్దాయన పొట్లం తిరగేసి చూసి, పైకి చదివి, ఒళ్ళు కదిలేలా నవ్వాడు.

"ఏమ్మా, మీ నాన్న బతికే ఉన్నాడా? అన్నదమ్ముల్ని వేయించి అమ్ముతున్నావని తెలుసా ఆయనకి?"

మా వాళ్ళందరూ నవ్వారు. మిగతావాళ్ళు ఎందుకు నవ్వుతున్నారో తెలియక పక్కవాళ్ళను అడిగారు. వైరిముకూ తెలియలేదు. మెచ్చుకుంటున్నారనుకుని, పక్కనుంచి చేత్తో సైగ చేసింది, విప్పు, తిను అని. సూబి పొట్లం విప్పింది. ఒకటి తీసింది. నవ్వులు ఆగిపోయాయి. పెద్దాయన కూడా నవ్వడం మానేసి ముందుకు వంగాడు.

నాకు తెలుసు, ఆమె తింటుంది. వారం నుంచి తినడానికే సిద్ధపడి ఉంది. ఒక్క మిడత, ఆ తరవాత వరండాలో నేనొక్కదాన్నే మిగులుతాను, ఆమెకు కాఫీ మిల్లు తప్పుతుంది. వేళ్ళ మధ్య దాన్ని ఇటూ అటూ తిప్పింది, నాకు చూపించేటప్పుడు తిప్పేలాగానే. ఆ తరవాత నా వంక చూసింది.

"నేను తిననండి," అంది మైకులో. "ఎప్పుడూ తినలేదు. ఇప్పటిదాకా నేను రాసిన రుచంతా మా చిన్నమ్మది. ఆవిడ ఇక్కడే ఉన్నారు. ఉప్పు చూసేది ఆవిడే."

నేను లేచి వెళ్ళాను. సూబి తన చేతిలోది నా చేతిలో పెట్టింది. నోట్లో వేసుకుని నమిలాను.

"ఎలా ఉన్నాయమ్మా?" అన్నాడు పెద్దాయన, ఇప్పుడు మర్యాదగా.

బాగున్నాయని అంటే అయిపోయేది. హాలంతా అదే వినడానికి చూస్తోంది. కానీ ఆ పిల్ల నా వంక చూస్తున్నది బాగున్నాయని వినడానికి కాదు. మూడు కాలాలుగా నా నోటితో రాస్తోంది. ఆ నోరు ఒక్కసారి అబద్ధమాడితే వెనకటి రాతలన్నీ అబద్ధమే అవుతాయి.

"ఉప్పు సరిపోయింది. ఉల్లి వాసన బాగా పట్టింది. కానీ మెత్తబడ్డాయి. వేడి మీద పొట్లం కట్టాం," అన్నాను.

సూబి అలవాటు కొద్దీ జేబులోంచి ఫోను తీసి, "మింగాక?" అంది.

"మింగాక కొంచెం జిడ్డు."

రాసుకుంది. ఎవరో నవ్వారు, ఆ తరవాత చాలామంది నవ్వారు. ఈసారి నవ్వు వేరుగా ఉంది. అయినా మెత్తబడ్డ సరుకుకు దుకాణం అరలో చోటు ఎవరిస్తారు? ఎంపిక పుట్టగొడుగుల కుర్రాడికి వెళ్ళింది. పెద్దాయన పోతూ పోతూ సూబి భుజం తట్టి, మీ నాన్నకు నా నమస్కారం చెప్పు అన్నాడు.

జనం వెళ్ళిపోయాక వైరిము వచ్చి మా పక్క కుర్చీలో కూలబడింది. చెప్పులు విడిచేసింది.

"నాకెందుకు చెప్పలేదు సూబీ?"

"చెప్పాను అక్కా. తీసెయ్యమన్నారు."

వైరిము అరికాళ్ళు ఒత్తుకుంటూ కూర్చుంది. తనకు ముప్పై రెండేళ్ళని, తననింకా యువగళం అనే పిలుస్తున్నారని, ఆ గళం ఎప్పుడో బొంగురుపోయిందని చెప్పింది. విప్పిన పొట్లం ఇంకా నా ఒళ్ళోనే ఉంది. అందులోంచి ఒకటి తీసుకుని భయం భయంగా నోట్లో వేసుకుంది. మా వైపు ఇవి తినరు అంది. ఇన్నాళ్ళూ ఆమె కూడా రుచి చూడకుండానే సలహాలు చెప్పిందన్నమాట. చాలాసేపు నమిలింది.

"మెత్తగానే ఉన్నాయి," అంది.

ముగ్గురం నవ్వాం, ఎక్కువసేపు నవ్వే శక్తి ఎవరికీ లేదు. తీసేసిన రాత మళ్ళీ పెట్టమంది వైరిము. ఆ పొట్లం అడిగి తీసుకెళ్ళింది.

వ్యానులో సూబి నా భుజం మీద తల పెట్టుకుంది. నిద్రపోయిందనుకున్నాను.

"నిజంగానే మెత్తబడ్డాయా చిన్నమ్మా?"

"నిజంగానే."

"నా మీద జాలితో బాగున్నాయంటావేమోనని భయపడ్డాను," అని కళ్ళు మూసుకుంది.

మిడతల కాలం ఇంకా అయిపోలేదు. జనవరి వస్తే కాఫీ మిల్లు ఎలాగూ ఉంది. బావగారికి ఆ పెద్దాయన నమస్కారం అందింది. ఆయన ఎవరో, ఏ వంశమో ఆరా తీస్తూ నాలుగు రోజులు గడిపారు. ఆ రాత మళ్ళీ బ్లాగులో ఉంది, దాని కింద ‘మెత్తబడ్డాయి’ అని ఒక కొత్త ముక్క కూడా.

మరుసటి ఆదివారం మళ్ళీ వేయించాం. పెద్ద పళ్ళేల్లో పరిచాం. కరెంటు ఉంది, మిషను ఎర్రదీపంతో ఎదురుచూస్తోంది. సూబి వెళ్ళి దాన్ని ఆపేసి వచ్చింది. చాప మీద ఇద్దరం గోడకు ఆనుకుని కూర్చున్నాం. చేయడానికి ఏ పనీ లేదు, అవి చల్లారాలి అంతే. అప్పుడప్పుడు నేను చెయ్యి చాపి పళ్ళెం అంచు ముట్టుకుని చూస్తున్నాను.

"ఇంకా వెచ్చగానే ఉన్నాయి," అన్నాను.

"ఉండనీ," అంది సూబి.