పంచమి నాటి పెనం

మహాదేవమ్మ పొద్దున ఐదింటికి పెనం పెడుతుంది. జహీరాబాద్‌లో ఆ వీధికి అలారాలతో పని లేదు. వేడినీళ్లతో పిసికిన జొన్నపిండి ముద్దను పీట మీద పెట్టి, అరచేత్తో తిప్పుతూ తట్టడం మొదలుపెడితే ఆ చప్పుడుకే జనం లేచి కూర్చుంటారు. ఇంటికి పది రొట్టెలు, హైవే మీది మెస్‌కు అరవై. చెయ్యీ ఆగదు, నోరూ ఆగదు. భర్త గురులింగప్ప ముంబై లారీ మీద తిరుగుతూ నెలకు రెండుసార్లు కనబడే మనిషి కాబట్టి ఆ నోటికి దొరికేది అత్త అనంతమ్మ ఒక్కతే. ఆ అత్త కూడా తక్కువేం తినలేదు.

ఆ చప్పుడు వాళ్ల బిడ్డ అక్షతకు కూడా వినబడుతుంది. సంగారెడ్డి హాస్టల్లో ఉండగా వినబడింది. నేవీలో చేరి ట్రైనింగ్‌కు పోతే అక్కడా వినబడింది. ఇప్పుడు తూర్పు తీరంలో, ఊరి పేరు బయట చెప్పకూడని స్థావరంలో, మంటలార్పే దళంలో ఉంది, అక్కడా రోజూ వినబడుతుంది. వీధిలో ఎవరూ దీన్ని పట్టించుకోలేదు. రీఛార్జ్ అక్కర్లేని ఫోన్ అక్కా నీదని ఎదురింటి ఆటో షాహెద్ ఒకసారి అన్నాడు, అంతే.

అయితే ఆకలిగా ఎదురుచూసే మనిషి ఉంటేనే ఆ చప్పుడు దూరం పోతుంది. ఒకసారి ఆడవాళ్లంతా కడుపులు నిండి కబుర్లు చెప్పుకుంటూ, ఏదీ కొట్టి చూపించమని మహాదేవమ్మను కూర్చోబెట్టారు. ఫోన్‌లో అక్షత ఏం వినొస్తలేదంది. అప్పుడే ఝరాసంగం ట్రిప్పు వేసి, పొద్దుటి నుంచి చాయ్ మీదే ఉన్న షాహెద్ వచ్చి పళ్లెం ముందు కూర్చున్నాడు. రెండో దెబ్బకే అక్షత "ఆఁ, ఇప్పుడొస్తుంది" అంది. ఆ తేడా మహాదేవమ్మ అరచేతికి తెలుసు. పోయే చప్పుడుకు చెయ్యి తేలికవుతుంది. పోనిది ఆమె మోకాళ్ల దగ్గరే పడిపోతుంది.

అక్షత ఇంకో మాట కూడా చెప్పింది. "ఎటు తిరిగి నిలబడ్డా చప్పుడు మనింటి దిక్కు నుంచే వస్తదమ్మా. కండ్లు మూసుకున్నా జహీరాబాద్ ఎటుందో చూపిస్త."

ఏడాదికి ఒక్కరోజు మాత్రం ఆ వీధి ఆలస్యంగా లేస్తుంది. నాగుల పంచమి నాడు పొయ్యి మీద పెనం పెట్టరు. పెనం కాలితే నాగయ్య పడగ కాలినట్టేనని, ఆ పాపం ఇంట్లో పిల్లలకు తగులుతుందని నమ్మకం. ఆ రోజంతా ఉడికించిన కడుబులు, పేలాలు, నువ్వుండలు. అనంతమ్మకు అది నమ్మకం కంటే ఎక్కువ. నలభై ఏళ్ల కింద ఒక పంచమి నాడు పెద్దకొడుకు రొట్టె కావాలని మారాం చేస్తే తట్టుకోలేక ఒక్కటి కాల్చి పెట్టింది. దసరా రాకముందే పిల్లవాడు జ్వరంతో పోయాడు. అప్పటి నుంచి పంచమి ముందురోజే పెనాన్ని గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టించేది.

ఈసారి పంచమి వచ్చేసరికి యుద్ధం మొదలై పదకొండు రోజులైంది. టీవీల్లో ఇస్త్రీ కోట్లు వేసుకున్న వీరులు పొద్దుగూకులూ సరిహద్దు గురించి అరిచారు. సముద్రం ఒకటుందని వాళ్లలో ఒక్కడికీ గుర్తు రాలేదు. శత్రువుకు గుర్తుంది.

పంచమి పొద్దున అనంతమ్మ పుట్టలో పాలు పోసి వచ్చి, ఒక్కపొద్దుతో టీవీ ముందు కూర్చుంది. ఏడున్నరకు బొమ్మ మారింది. తూర్పు తీరంలో నౌకాదళ స్థావరం మీద డ్రోన్ల దాడి. చేపల పడవల చాటు నుంచి, నీళ్లకు జానెడు ఎత్తులో వచ్చాయట. డీజిల్ ట్యాంకు పేలింది. ఎవరో మేడ మీద నుంచి ఫోన్‌లో తీసిన వీడియోలో నల్లటి పొగ తప్ప ఏమీ లేదు. ఏది నేలో ఏది నీళ్లో దేవుడికి కూడా తెలిసేలా లేదు.

మహాదేవమ్మ ఫోన్ చేసింది. కలవలేదు. మూడుసార్లు చేసి, ఫోన్ పక్కన పెట్టి, కుర్చీ ఎక్కి అటక మీద నుంచి గోనెసంచి దించింది.

"ఏం చేస్తున్నవే?" అంది అనంతమ్మ.

"రొట్టెలు చేస్తున్న అత్తమ్మ."

"ఇయ్యాల పంచమి."

"ఎరికే. ఆ పొగల నా బిడ్డకు ఒడ్డు ఎటుందో ఎట్ల తెలుస్తది? రోజూ కొడ్త, ఇయ్యాలనే కొట్టలే."

అనంతమ్మ లేచి వచ్చి పొయ్యికి అడ్డంగా నిలబడింది. "ఒక్క రొట్టెకు నా కొడుకు పోయిండు. ఇప్పుడు దాన్ని గూడ తోలేస్తవా?"

"ఈ పెనం పెట్టకుంటే అది పోతది. జరుగు."

ముసలామె జరగలేదు. మహాదేవమ్మే రెండు భుజాలూ పట్టుకుని, బియ్యం బస్తాను జరిపినట్టు ఆమెను పక్కకు జరిపి గ్యాస్ వెలిగించింది. నీళ్లు కాగాయి. పిండి పిసికింది. కొట్టింది. చప్పుడు ఆమె మోకాళ్ల దగ్గరే పడిపోయింది.

ఎదురిల్లు తప్ప వీధంతా పంచమి చేసుకునే ఇళ్లే. పెనం మీది రొట్టె ఎవరు తింటారు? పిండి చేతులతోనే గుమ్మంలోకి వచ్చి ఎదురింటికి కేకేసింది. "ఖాలా, ఏమన్న తిన్నవా?"

షాహెద్ తల్లి సర్వరీ బేగం తలుపు తీసింది. వాళ్లింట్లోనూ అదే టీవీ మోగుతోంది. ఆమె చాయ్ కప్పు గోడ మీద పెట్టి, "తినలే బేటీ. వీడు గూడ తినలే" అంటూ కొడుకును జబ్బ పట్టి లాక్కొచ్చింది. ఇద్దరూ పొయ్యి ముందు పళ్లేలు పట్టుకుని కూర్చున్నారు.

మహాదేవమ్మ కొట్టింది. చెయ్యి దూదిలా తేలిపోయింది.

అక్కడ ఏం జరుగుతోందంటే, మొదటి పేలుడుకే స్థావరం లేచి పరుగెత్తింది. బూట్లు లేని కాళ్లతో, బనియన్లతోనే కుర్రాళ్లు తుపాకుల దగ్గరికి ఉరికారు. ఓడలు కట్టేసే జెట్టీ సముద్రంలోకి అరకిలోమీటరు పొడవునా ఉంటుంది. దాని చివరి తుపాకి చందర్ అనే కుర్రాడిది. దాని వెనక రెండు వందల మంది ఉన్న ఓడ. గాయపడ్డ తోటివాణ్ని వెనక్కి పంపించి, గుండ్లు తానే నింపుకుంటూ, తానే కాలుస్తూ తొమ్మిది డ్రోన్లను నీళ్లలో కలిపాడు. తొమ్మిదోది మరీ దగ్గర పేలి కళ్ల ముందు చీకటైంది. అయినా ఆపలేదు. రెక్కల మోత ఎటు వినబడితే అటు కాల్చాడు. ఓడ నిలిచింది.

అతన్ని తీసుకురావడానికి అక్షత వెళ్లింది. పొగ ముఖానికి నల్ల దుప్పటి కప్పినట్టుంది. జెట్టీ అంచులకు కంచె లేదు, రెండు పక్కలా నీళ్ల మీద మండుతున్న డీజిల్. వెళ్లేటప్పుడు తుపాకి మోతే ఆమెకు దారి. చేరగానే తుపాకి ఆగింది. గుండ్లు అయిపోయాయి. ఇప్పుడు దారి చూపేదేమీ లేదు. చందర్‌ను వీపున వేసుకుని, ఎటు తిరిగి ఉందో కూడా తెలియక నిలబడింది. రోజూ వినబడే చప్పుడు ఈ పొద్దున లేదు. పంచమి అని గుర్తొచ్చింది.

అప్పుడు మొదలైంది. తప్, తప్, తప్. ఎడమచేతి దిక్కున.

అటే నడిచింది. చప్పుడున్నంతసేపు నడిచింది, ఆగగానే ఆగింది.

"ఎందుకు ఆగినవ్?" అన్నాడు వీపు మీది చందర్.

"మా అమ్మ రొట్టె తిప్పుతుంది. ఆగు."

అతనూ జొన్నరొట్టె తిని పెరిగిన ఆదిలాబాద్ మనిషి. ఇంకేం అడగలేదు.

ఇక్కడ సర్వరీ బేగం షుగరు మనిషైనా రెండున్నర తింది. మిగతావి షాహెద్ చూసుకున్నాడు. మూడు, నాలుగు, ఐదు. బెల్టు వదులు చేశాడు. ఆరోది నోట్లో పెట్టుకున్నాడు గానీ కళ్లలో నీళ్లొచ్చాయి. "అక్కా, ఖసమ్, ఒట్టు, తింట. కానీ ఆకలి లేదు."

తర్వాతి ముద్ద మీద మహాదేవమ్మ చెయ్యి పడింది. బరువుగా పడింది. చప్పుడు మోకాళ్ల దగ్గరే రాలింది. మళ్లీ కొట్టింది. మళ్లీ రాలింది. అరచెయ్యి ఎర్రబడేలా కొట్టింది. ఆమె నోరు ఆ ఇంట్లో మొదటిసారి మూతపడింది.

అక్కడ అక్షత జెట్టీ మధ్యలో ఆగి ఉంది. రొట్టె తిప్పడానికి ఇంతసేపు పట్టదు. పక్కన నీళ్లలో ఏదో పేలి ఆమెను గిర్రున తిప్పి పడేసింది. లేచింది, చందర్‌ను మళ్లీ ఎత్తుకుంది. దిక్కు పోయింది. ఎదురుగా కొంచెం వెలుతురు కనబడింది. ఒడ్డే అనుకుని ఒక అడుగు వేసింది. ఇంకొకటి వేసింది.

గోడకు ఆనుకుని ఇదంతా చూస్తున్న అనంతమ్మ వచ్చి షాహెద్‌ను లేపి, ఆ జాగాలో కూలబడింది.

"నాకు కొట్టు."

"నీకు ఒక్కపొద్దు అత్తమ్మ."

"అందుకే కొట్టమంటున్న. రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలే. ఈ ఇంట్ల నాకంటే ఆకలున్నోళ్లు ఎవరున్నరే?" ఆమె పళ్లెం పట్టుకుంది, కళ్లు పెనం మీద నుంచి కదల్లేదు. "నలభై ఏండ్ల నుంచి ఆకలే నాకు. కొట్టు."

మహాదేవమ్మ కొట్టింది.

అటక మీద గిన్నెలు కదిలాయి. ఎదురింటి గోడ మీది చాయ్ కప్పు దొర్లి పడింది. అక్కడ మూడో అడుగు గాలిలో ఉండగా అక్షతకు ఆ చప్పుడు వీపు వెనక నుంచి, చందర్‌ను దాటుకుని, తల్లి పక్కనే కూర్చుని కొట్టినంత గట్టిగా వినబడింది. ఎత్తిన కాలును అలాగే వెనక్కి తీసుకుంది. ఎదురుగా ఉన్న వెలుతురు నీళ్ల మీద మంట.

వెనక్కి తిరిగింది. నాలుగు రొట్టెలంత దూరం నడిస్తే బూటు కింద ఇసుక తగిలింది.

పదకొండున్నరకు ఫోన్ మోగింది. గొంతు బొంగురుపోయి ఉంది గానీ అక్షతదే. తనకేం కాలేదంది. చందర్‌ను దవాఖానకు తీసుకుపోయారు, ఒక కన్ను దక్కుతుందన్నారట. ఆ తర్వాత అడిగింది.

"అమ్మా, చివరివి నాలుగు ఎవరికి కొట్టినవ్? నా జన్మల గంత పెద్ద చప్పుడు వినలే."

మహాదేవమ్మ ఫోన్‌ను అత్త చెవి దగ్గర పెట్టింది. అనంతమ్మ నోట్లో రొట్టె ఉంది. పళ్లు లేవు కాబట్టి మజ్జిగలో నానబెట్టిన ముక్కను బుగ్గన పెట్టుకుని మెల్లగా నములుతోంది. నమలడం ఆపలేదు. అవతల అక్షత నాయినమ్మ నమిలే చప్పుడు వింటూ ఉండిపోయింది.