ఆదివారం మోగిన మగ్గం

ఎడమ కాలు, కుడి కాలు, మళ్ళీ ఎడమ కాలు. రేకుల షెడ్డులో తొక్కుడు మగ్గం టకటకలాడుతోంది. డోలినా కాళ్ళు మగ్గం మీద ఉన్నాయి గానీ కళ్ళు మాత్రం తలుపు దగ్గర ముక్కాలిపీట మీద కూర్చున్న మొగుడి మీదే ఉన్నాయి. మర్డో చేతిలో ఒక ఖాళీ కండె ఉంది. దాన్ని ఇటు తిప్పుతాడు, అటు తిప్పుతాడు, గోటితో గీకి నూలు కొస కోసం వెతుకుతాడు. దానికి నూలే లేదన్న సంగతి ఆయనకి తట్టదు. పెళ్ళికి ముందునుంచీ ఈ మగ్గం మీదే బతికిన మనిషి.

పోగు తెగింది. డోలినా కాళ్ళాపి వంగి ముడి వేసింది. పదహారేళ్ళప్పుడు ఊరి ఆడపిల్లలతో కలిసి చేపల పడవల వెంట రేవు రేవూ తిరిగి, ఉప్పునీళ్ళలో చేపల కడుపులు చీరిన వేళ్ళు అవి. కత్తిగాట్లు నయమైనా తెల్లటి గీతలు అలాగే ఉండిపోయాయి. చలికి ఆ గీతలే ముందు సలుపుతాయి.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు మర్డో మర్యాదగా.

"డోలినాని."

"మంచిది. మా అమ్మ వస్తే చెప్పు, కొస దొరకట్లేదని."

"చెప్తాలే."

ఈ ప్రశ్నకి మొదట్లో ఏడ్చేది. ఇప్పుడు ముడి వేస్తూ జవాబు చెప్పగలుగుతోంది. అలవాటైపోయిందనుకుంటే అదే ఇంకా భయంగా ఉంది.

శనివారం. మా లూయిస్ దీవిలో శనివారానికి రెండు రోజుల పని. విశ్రాంతి దినమైన ఆదివారం నీళ్ళు తోడకూడదు, బంగాళదుంప చెక్కు తియ్యకూడదు, వంటచెరకుగా బీడులోంచి కోసి ఎండబెట్టుకున్న పీట్ మట్టిగడ్డ ఒక్కటి కూడా బయటినుంచి పొయ్యిలోకి తేకూడదు. మగాళ్ళు గడ్డం కూడా శనివారమే గీసుకుంటారు. పైగా ఇది ఏడాదికి రెండుసార్లు వచ్చే ప్రభువు బల్ల వారం. రేపు గుళ్ళో తెల్లబట్ట పరిచిన బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం పంచుతారు. అందరికీ కాదు. సంఘపెద్దలు విచారించి, దేవుని బిడ్డే అని నమ్మినవాళ్ళకి ప్రతిసారీ శనివారం ఆరాధన అయ్యాక ఒక సీసపు బిళ్ళ ఇస్తారు. బిళ్ళ ఉన్నవాడికే బల్ల.

డోలినా ఏనాడూ ఆ బిళ్ళ అడగలేదు. తను రక్షణ పొందినదాన్నని ధైర్యంగా చెప్పడానికి తన గుండెలో ఏం జరిగిందో ఆమెకే తెలీదు. మా ఊళ్ళో సగం మంది అంతే. పుట్టినప్పటినుంచీ గుడి మానకుండా వెళ్ళి, వెనక బెంచీలో కూర్చుని, బల్ల వైపు ఒక్క అడుగైనా వెయ్యకుండా ముసలివాళ్ళయిపోతారు. మర్డోకి మాత్రం ఇరవై రెండో ఏటే బిళ్ళ దొరికింది. దీవినంతా పశ్చాత్తాపంతో ఏడిపించిన ఉజ్జీవ సభల రోజుల్లో, ఒక ధాన్యపు కొట్టంలో, పక్కపక్కన మోకరించిన ఇద్దరు కుర్రాళ్ళు రక్షణ పొందారు. ఒకడు మర్డో, రెండోవాడు ఫిన్లే. ఫిన్లే ఇప్పుడు సంఘపెద్ద. ఇంట్లో ఒకడైనా ఉన్నాడు కదా అని డోలినా బతికేసింది. వర్షంలో మొగుడి కోటు చెంగు కింద దూరినట్టు ఆయన రక్షణ కింద తనూ ఎలాగో దూరిపోదామనుకుంది. అలా కుదరదని పాస్టరుగారు వందసార్లు చెప్పారు. అయినా అనుకుంది.

ఇవాళ ఆరాధన అయ్యాక ఫిన్లే వస్తాడు, మర్డో బిళ్ళతోనో, ఉత్త చేతులతోనో.

నీళ్ళకి వెళ్తే బావి దగ్గర పక్కింటి పెగ్గీ కనిపించింది.

"ఏమే డోలినా, రేపు కూడా మీ ఆయన మగ్గం తొక్కుతాడా? తొక్కేటట్టయితే ముందే చెప్పు, పాస్టరుగారిని కాస్త గొంతు పెంచమందాం."

"పెంచమను. నీ గురకైనా వినపడకుండా ఉంటుంది."

పెగ్గీ నవ్వింది. బకెట్ దించి దగ్గరికొచ్చింది. "ఊరికే అన్నానే. బిళ్ళ ఇస్తారంటావా?"

"ఇస్తారు."

"ఇవ్వకపోతే?"

డోలినా రెండు బకెట్లూ ఎత్తుకుంది. ఇంటికి వచ్చేసరికి సగం నీళ్ళు పాదాల మీదే ఒలికిపోయాయి.

మర్డో గురించి చెప్పుకోవడానికి ఊళ్ళో ఎవరి దగ్గరా ఒక్క కథ కూడా ఉండేది కాదు. తాగలేదు, కొట్టలేదు, పాడలేదు, ఎవరితోనూ పోట్లాడలేదు. యుద్ధంలో ఓడ మీద వెళ్ళి వచ్చాడు, ఆ సంగతీ చెప్పలేదు. రోజూ సాయంత్రం పొయ్యి పక్కన వాక్యం చదివి, మోకరించి, రెండు మాటలు ప్రార్థించి పడుకునేవాడు. మనిషి మొత్తం అంతే. ఇప్పుడు మాత్రం ఒక కథ ఉంది. కొన్ని వారాల కిందట ఒక ఆదివారం పొద్దున, ఊరంతా నల్లబట్టలేసుకుని గుడికి నడుస్తుంటే, మర్డో షెడ్డులోంచి మగ్గం మోగింది. డోలినా గదిలో తలకి గుడ్డ కట్టుకుంటోంది. ఆమె పరుగెత్తుకెళ్ళి ఆపేసరికి రోడ్డు మీద జనం నిలబడిపోయారు. ఒకావిడ చెవులు మూసుకుంది. మా దీవిలో ఆదివారం మగ్గం చప్పుడు పుట్టి బుద్ధెరిగాక విన్నవాళ్ళు లేరు.

రక్షణ పోదు. మా సంఘం నమ్మేది అదే. ఎన్నుకున్నవాణ్ణి దేవుడు జారవిడవడు, ఆ చేతిలోంచి సైతాను కూడా లాక్కోలేడు. చంటిపిల్లలకి పాలతో పాటు ఈ మాటా పడతారు. ఎంత తియ్యని మాటో! కానీ దానికో వెనక వైపు ఉంది. దొరికినవాడికి పోదు గనక, పోయినట్టు కనబడితే అసలు దొరకనే లేదన్నమాట. కొట్టంలో పెట్టిన కన్నీళ్ళు, ఇన్నేళ్ళు తిన్న రొట్టె, పొయ్యి పక్కన చేసిన ప్రార్థనలు, అన్నీ మొదటినుంచీ ఉత్తవే. డోలినా ఈ వారమంతా ఆ వెనక వైపునే చూస్తూ గడిపింది. తిండి దిగలేదు.

దుంపలు చెక్కు తీసి నీళ్ళలో వేసింది. పీట్ గడ్డలు తెచ్చి పొయ్యి పక్కన పేర్చింది. మర్డోకి గడ్డం గీసింది. ఆయన చిన్నపిల్లాడిలా గడ్డం ఎత్తి పెట్టాడు. కోళ్ళకి రేపటి గింజలు కూడా కొలిచి ఉంచింది.

ఫిన్లే వచ్చేసరికి సాయంత్రమైంది. వేసవి కాబట్టి ఇంకా పట్టపగల్లాగే ఉంది. వంటింటి గడప లోపల నిలబడ్డాడు. టోపీ తియ్యలేదు, కూర్చోలేదు. మర్డో లేచి, వచ్చినాయనకి దారిచ్చినట్టు పక్కకి జరిగి, బయటికి వెళ్ళిపోయాడు.

"ఒప్పుకోలేదు," అన్నాడు ఫిన్లే.

"ఎవరు?"

"పెద్దలందరం."

"అందరం అంటున్నావు. నువ్వు కూడానా?"

ఫిన్లే పొయ్యి వైపు చూశాడు. "మనుషులు పాపంలో పడతారు డోలినా. దావీదు పడలేదా, పేతురు పడలేదా. పడి ఏడ్చారు. పాస్టరుగారూ నేనూ వచ్చి అడిగాం కదా. పశ్చాత్తాపపడుతున్నావా మర్డో అంటే నవ్వాడు. ఆదివారం మగ్గం తొక్కావా అంటే, బట్ట బాగా వచ్చిందన్నాడు."

"ఆయనకి ఆదివారమేదో మంగళవారమేదో తెలీదు."

"తెలీనిది రోజొక్కటేనా? ప్రభువు పేరెత్తితే, ఆయనెవరు, ఏ ఊరు అన్నాడు."

ఆ మాట డోలినాకి తెలీదు. ఆ రోజు వాళ్ళకి టీ పెట్టడానికి వంటింట్లో ఉండిపోయింది. బల్ల అంచు పట్టుకుంది.

"తొక్కింది నేను," అంది.

"ఏంటి?"

"ఆ ఆదివారం మగ్గం తొక్కింది నేను. మిల్లువాళ్ళకి బట్ట ఇవ్వాలని. ఆయన పక్కన కూర్చున్నాడంతే. వెళ్ళి చెప్పు వాళ్ళకి. నాకెలాగూ బిళ్ళ లేదు, నా దగ్గర లాక్కునేదేం లేదు."

ఫిన్లే టోపీ తీశాడు. "నీ తొక్కుడూ వాడి తొక్కుడూ నాకు తెలీవటే? రోడ్డు మీద నేనూ ఉన్నాను. వాడు దేవుడి చేతిలో ఉంటే నీ అబద్ధం అక్కర్లేదు తల్లీ. లేకపోతే నీ అబద్ధం చాలదు."

"నేనెవరో కూడా ఆయనకి తెలీదు ఫిన్లే! పొద్దున కూడా ఎవరమ్మా నువ్వు అన్నాడు. అంటే నేను ఆయన పెళ్ళాన్ని కాకుండా పోయానా? అసలెప్పుడూ పెళ్ళాన్ని కాదా? పెళ్ళి నువ్వూ చూశావు. చెప్పు!"

ఫిన్లే అప్పుడు కూర్చున్నాడు. "వాడూ నేనూ ఒకే రాత్రి, ఒకే గడ్డి మీద మోకరించాం. వాడు నాకంటే ముందు ఏడ్చాడు. వాడిది ఉత్తదైతే, నాది గట్టిదని నాకెవరు చెప్తారు? ఈ వారమంతా ఇదే."

"మరి ఆ మాట పెద్దల ముందు ఎందుకనలేదు?"

"భయమేసింది."

డోలినాకి వాడి చెంప పగలగొట్టాలనిపించింది. అంతలోనే జాలీ వేసింది. ఏది ముందో తేల్చుకునేలోపు షెడ్డులోంచి మగ్గం మోగింది.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"ఇవాళ శనివారమే," అంది గబగబా.

"శనివారమే," అన్నాడు ఫిన్లే.

షెడ్డు తలుపుకి గొళ్ళెం వెయ్యడం డోలినా మర్చిపోయింది. లేవబోయింది, కానీ లేవలేదు. ఎంత చక్కగా మోగుతోందో! ఎక్కడా తడబాటు లేదు, ఎడమ కాలు కాస్త బరువుగా, కుడి కాలు తేలిగ్గా, పాత మర్డో తొక్కినట్టే. ఆ చప్పుడు ఉన్నంతసేపూ ఆయన ఇంటికి తిరిగొచ్చినట్టే ఉంది. ఫిన్లే కళ్ళు మూసుకుని వింటున్నాడు. తర్వాత మగ్గం ఆగింది.

"పోగు తెగి ఉంటుంది. ముడి వెయ్యలేడు, కోపమొస్తుంది," అంటూ డోలినా బయటికి నడిచింది.

పోగు తెగలేదు. మర్డో ముందుకి వాలి, అప్పుడే నేసిన బట్ట మీద చెంప ఆనించి ఉన్నాడు. చేతులు రెండు పక్కలా వేలాడుతున్నాయి. పాదాలింకా మగ్గం మీదే ఉన్నాయి. నిద్రలో ఉన్నాడనుకోవడానికి డోలినా ఎంత ప్రయత్నించినా ఆ పాదాలు ఒప్పుకోనివ్వలేదు.

ఇద్దరు ముసలివాళ్ళూ కలిసి ఆయన్ని మోసుకొచ్చి గదిలో మంచం మీద పడుకోబెట్టారు. ఎంత తేలికైపోయాడో అప్పుడే తెలిసింది. ఫిన్లే స్నేహితుడి కళ్ళు మూసి, మోకరించాడు. డోలినా కూడా మోకరించింది.

చనిపోయినవాళ్ళ కోసం మా సంఘంలో ప్రార్థించరు. వాళ్ళ సంగతి తేలిపోయినట్టే. కానీ పోయినవాడు దేవుని బిడ్డ అయితే, ప్రార్థన చేసే పెద్ద ఒక్క మాట అంటాడు. నీ సేవకుణ్ణి ఇంటికి పిలుచుకున్నందుకు నీకు స్తోత్రం, అంటాడు. మంచం చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఆ మాట కోసమే వింటారు. తీర్పు ఇంట్లోవాళ్ళకి తెలిసేది అక్కడే.

ఫిన్లే విధవరాలి కోసం ప్రార్థించాడు. సముద్రం మీద ఉన్నవాళ్ళ కోసం, ఊరి కోసం, ఇంకా మారుమనసు పొందని పడుచువాళ్ళ కోసం, రేపటి బల్ల కోసం ప్రార్థించాడు. మధ్యలో చాలాసేపు ఆగాడు. డోలినా గోళ్ళు అరచేతుల్లో దిగబడ్డాయి. ఫిన్లే ఆమెన్ అన్నాడు.

"ఆ మాట అనలేదు నువ్వు."

"నోటిదాకా వచ్చింది డోలినా."

"మరి?"

"నాకు తెలీదు. తెలీనిది దేవుడి ముందు ఎలా అనను?" ముసలాయన పసివాడిలా ఏడుస్తున్నాడు. మంచం కోడు పట్టుకుని లేచి, ఊళ్ళోవాళ్ళని పిలుచుకొస్తానని వెళ్ళిపోయాడు.

ఆమె ఒక్కతే మిగిలింది. మా ఊళ్ళో ఆడవాళ్ళు పైకి ప్రార్థన చెయ్యరు. డోలినా అయితే లోపల కూడా, తన మాట అటువైపు ఎవరికైనా చేరుతుందనే నమ్మకంతో ఎప్పుడూ చెయ్యలేదు. మోకాళ్ళ మీదనుంచి లేచి నిలబడింది. నిలబడే మాట్లాడింది, కోళ్ళు తోటలో పడితే పక్కింటివాళ్ళని నిలదీసినట్టు.

"విను. నాకు ప్రార్థించడం రాదు. ఈయన నిన్ను మర్చిపోయాడు, నిజమే. నన్నూ మర్చిపోయాడు, నేను వదిలేశానా? గడ్డం గీశాను. తిండి పెట్టాను. ఆడదాన్ని, బిళ్ళ కూడా లేనిదాన్ని, నాకే చేతనైంది. పట్టుకున్నానని అన్నది నువ్వు. ఆయన అనలేదు, నువ్వు అన్నావు. పట్టుకో మరి. వదిలావో..." ఏమంటుందో ఆమెకే తెలీలేదు. దేవుణ్ణి బెదిరించడానికి ఆమె దగ్గర ఏముంది? "వదలకు," అంది. "నీకు దణ్ణం పెడతాను, వదలకు." షెడ్డు రేకుల మీద గాలి ఎప్పటిలాగే కొడుతోంది.

ఇల్లు మనుషులతో నిండింది. మగాళ్ళు జనం కూర్చోడానికి బెంచీలు తెచ్చి వేశారు. ఆడవాళ్ళు మర్డోకి స్నానం చేయించడానికి నీళ్ళు కాచారు. ఎవరూ ఆదివారం సంగతి ఎత్తలేదు, ఎత్తకపోవడం కూడా ఆమెకి వినపడుతూనే ఉంది. విశ్రాంతి దినం మొదలవకముందే పనులన్నీ తెమలాలని పెగ్గీ చేతులు పైకి మడిచి, ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ తోమింది. తోముతూ తోముతూ ఏప్రన్ కొసతో ముక్కు తుడుచుకుంది. చివరికి కిటికీ గూట్లో ఉన్న కప్పు కోసం చెయ్యి చాపింది.

"దాన్ని ముట్టుకోకు," అంది డోలినా.

"రేపు తోమకూడదు కదే. సోమవారందాకా ఉంటుంది మరి."

"ఉండనీ."

పెగ్గీ చేతులు తుడుచుకుని గదిలోకి వెళ్ళింది. ఫిన్లే వచ్చేముందు మర్డో తాగుతూ తాగుతూ వదిలేసిన కప్పు అది. అడుగున రెండు గుక్కల చల్లారిన టీ, పైన మీగడ తరక, అంచున ఆయన పెదవి తడి ఆరిన గోధుమరంగు మరక.